గాలనుకొక సన్యాసి

నలభై ఏళ్ళు సంసారం ఈదినదాన్ని. పనిమనుషుల్ని కుదుర్చుకోవడంలో నాకు కొత్తగా ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కాకినాడలో మా అత్తగారి హయాంలో ఒక పద్ధతి ఉండేది. అంట్లు తోమడానికి గానీ, పెరడు ఊడవడానికి గానీ కొత్త మనిషిని పెట్టుకోవాలంటే ఆవిడ పెరటికేసి చూసేవారు కాదు, బియ్యం డబ్బా మూత తీసి చూసేవారు. "పని ఎంతుందని కాదే, ఆ మనిషికి పొద్దున్నే ఇంత చద్దన్నం మనింట్లో మిగుల్తుందా అని చూసుకో. మిగలకపోతే చీపురు నువ్వే పట్టుకో" అనేవారు. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళయింది. ఆ మాట నాకు మళ్ళీ ఎక్కడ గుర్తొచ్చిందో తెలుసా? 2023 వేసవిలో, అమెరికాలో, డాలస్ శివార్లలో ఉన్న మా అబ్బాయింట్లో, హాల్లో పెట్టిన ఒక అద్దాల తొట్టి ముందు.

తొట్టంటే ఎర్రచేపలు తిరిగే గాజుబుడ్డి అనుకునేరు. నాలుగడుగుల పొడుగు, 75 గాలన్లు, మన లెక్కలో సుమారు 280 లీటర్లు. అందులో ఉప్పునీళ్ళు, నీళ్ళలో రాళ్ళు, రాళ్ళమీద బతికున్న పగడాలు. రీఫ్ ట్యాంక్ అంటారు. ఇంట్లో కట్టుకున్న పగడపు దిబ్బ అన్నమాట. (ఈ సరదా మన దేశంలో చెల్లదు. దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులి ఉన్న పట్టికలోనే పగడమూ ఉంది.) ఆ తొట్టికి ఎంతయిందో మావాడు నాకు చెప్పలేదు. కోడలు మాత్రం, "అత్తయ్యా, ఆ డబ్బుతో మిమ్మల్ని రెండుసార్లు కాశీ తీసుకెళ్ళి రావచ్చు" అంది.

నేను వెళ్ళేసరికి తొట్టి పెట్టి మూడు నెలలైంది. అద్దాలకి, రాళ్ళకి గోధుమరంగు పాకుడు పట్టింది. అక్కడక్కడ ఆకుపచ్చ నాచు జడలు కడుతోంది. నేను వెళ్ళిన నాలుగో రోజున ఒక అట్టపెట్టె దిగింది. "క్లీనప్ క్రూ వచ్చిందమ్మా" అన్నాడు మావాడు పెళ్ళివారు దిగినంత సంబరంగా. క్లీనప్ క్రూ అంటే పారిశుద్ధ్య సిబ్బంది. తొట్టి ఎన్ని గాలన్లో చెబితే చాలట. గాలనుకొక హెర్మిట్ పీత, రెండు గాలన్లకొక నత్త, పైన కొసరుగా ఒక నక్షత్ర చేప, రెండు పచ్చ పీతలు, దుకాణంవాడే లెక్కగట్టి పంపిస్తాడు. వెరసి 75 పీతలు, 37 నత్తలు. ఆ దుకాణం పేరు నాకు అనవసరం. ఇలా అమ్మేవాడు వాడొక్కడే కాదు.

ఈ హెర్మిట్ పీత సంగతి కాస్త చెప్పాలి. మామూలు పీతకి ఒళ్ళంతా పెంకుంటుంది. దీనికి ముందు సగానికే ఉంటుంది. వెనక సగం మెత్తగా, మెలితిరిగి ఉంటుంది. ఆ మెత్తని ఒళ్ళు దాచుకోవడానికి ఖాళీ నత్తగుల్ల ఒకటి వెతుక్కుని అందులో దూరుతుంది. ఒళ్ళు పెరిగినకొద్దీ ఇల్లు మార్చాలి. ఉప్పాడ ఒడ్డున గవ్వలేరుకునే పిల్లల అరచేతిలో గవ్వ కాళ్ళు మొలిచి నడిచిందంటే లోపలున్నది ఈ జాతే. గుహలో ఒంటరిగా కూచున్నట్టు కనిపిస్తుందని కాబోలు, ఇంగ్లీషువాడు దీనికి హెర్మిట్ అని పేరు పెట్టాడు. అంటే సన్యాసి. పేరు చూసి మోసపోకండి. సీతమ్మవారి పర్ణశాల ముందు భిక్షాందేహి అన్నవాడూ సన్యాసి వేషంలోనే వచ్చాడు.

మొదటి వారం చూడముచ్చటగా ఉంది. కాదనను. నీలం కాళ్ళవి, ఎర్ర కాళ్ళవి, రాయి మీద ఒక్క చోటు వదలకుండా గీరుకు తిన్నాయి. పాకుడు పోయింది. నేను పొద్దున్నే కాఫీ గ్లాసుతో తొట్టి ముందు కుర్చీ వేసుకు కూచునేదాన్ని. రెండో వారానికి తినడానికేమీ మిగల్లేదు. మూడో వారంలో నా కళ్ళతో చూశాను. ఒక నీలం కాళ్ళ సన్యాసి బతికున్న నత్తను వెల్లకిలా తిప్పి, మూత దగ్గర చెయ్యి పెట్టి, కొంచెం కొంచెంగా లాక్కుని తింటోంది. మర్నాడు అదే సన్యాసి ఆ నత్త గుల్లలో కాపురం పెట్టింది. తిండీ దొరికింది, ఇల్లూ దొరికింది. కంచే చేను మెయ్యడమంటే అక్షరాలా అదే. నెలన్నర తిరిగేసరికి లెక్కపెట్టాను. నత్తలు 11, సన్యాసులు 40 లోపు. మిగిలినవి ఖాళీ గుల్లలు. ఏరి ఒక స్టీలు గిన్నెలో పోశాను.

మావాణ్ణి అడిగితే, "నేచర్ అంతేనమ్మా. ఆర్నెల్లకోసారి మళ్ళీ ఆర్డర్ చేసుకోమని దుకాణంవాళ్ళే చెబుతారు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. చచ్చినవాళ్ళ జాగాలో కొత్తవాళ్ళని పెట్టుకోమని అమ్మేవాడు చెప్పడంలో వింత లేదు. అది వాడి వ్యాపారం. చదువుకున్నవాడు, లెక్కలొచ్చినవాడు, నా కొడుకు దానికి తల ఊపడమే వింత. గాలనుకొకటి అని ఏ లెక్కన వచ్చిందిరా అంటే వాడి దగ్గర జవాబు లేదు. ఉండదు కూడా. గాలను నీళ్ళకి కొలత గానీ తిండికి కాదు. వంటిల్లు ఇరవై అడుగులుందని ఇరవైమందిని భోజనానికి పిలుస్తామా? నాచు ఎంత పెరుగుతుందన్నది దీపం ఎంతసేపు వెలుగుతోంది, చేపలకి ఎంత మేత వేస్తున్నాం, నీళ్ళలో నైట్రేటూ ఫాస్ఫేటూ ఎంతున్నాయి, తొట్టి ఎంత పాతది అన్నవాటిని బట్టి ఉంటుంది. పక్కపక్కనే ఉన్న రెండు 75 గాలన్ల తొట్లలో ఒకదాంట్లో నాచు అడవిలా ఉండొచ్చు, రెండోదాంట్లో నత్తలు పదైనా బతకలేకపోవచ్చు. బియ్యం డబ్బా మూత తియ్యకుండా 112 మందిని ఒక్కరోజున పనిలో పెట్టుకున్నాడు మా సుపుత్రుడు.

పోనీ పెట్టుకున్నవాళ్ళయినా పనికొచ్చేవాళ్ళా అంటే, ఆ కట్టలో సగం ఈ ఇంటికి సరిపడనివే. ఊరుకోలేక రెండు నెలలు కూచుని వాళ్ళ పుస్తకాలు చదివాను, మావాడిచేత చదివించాను. ఆస్ట్రియా అనే నత్త ఉంది. నాచు బాగానే తింటుంది, కానీ ఇసుకలో వెల్లకిలా పడిందంటే దాదాపుగా లేవలేదు. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు వేలితో తిప్పి పెట్టాలి, లేదా సన్యాసి వచ్చి పని పూర్తి చేస్తుంది. ట్రోకస్ నత్త పడినా తనంత తను లేస్తుంది. ధర కాస్త ఎక్కువే, ఉండనీండి. నస్సారియస్ నత్తలు అసలు నాచే తినవు. ఇసుకలో ఒళ్ళంతా పూడ్చుకుని తొండంలాంటి గొట్టం ఒక్కటీ పైకి పెట్టుకు కూచుంటాయి, మేత వాసన తగిలితే శ్మశానంలోంచి లేచొచ్చినట్టు ఒక్కసారి పైకొస్తాయి. చేపలు వదిలేసిన మాంసం ముక్కలకి వాటిని మించినవాళ్ళు లేరు. కానీ మావాడి తొట్టిలో ఉన్నవి రెండే చేపలు, అవి వదిలిపెట్టేది ఏమీ లేదు. మార్గరిటా అని అమ్మే నత్త ఉత్తర పసిఫిక్ చలినీళ్ళది. 26 డిగ్రీల వేడినీళ్ళలో వేస్తే అది పనిచెయ్యడం అటుంచి, మెల్లగా ఉడుకుతుంది. మన ఊటీవాణ్ణి పట్టుకొచ్చి రోహిణికార్తెలో విజయవాడలో మిద్దె మీద కూచోబెట్టినట్టు.

అన్నిటికన్నా అన్యాయం నక్షత్ర చేపది. ఇసుక జల్లెడ పడుతుందని చెప్పి అమ్ముతారు. జల్లెడ పట్టేది శుభ్రం కోసం కాదు, ఇసుకలో ఉండే సన్న సన్న పురుగుల్ని ఏరుకు తినడానికి. ఆ పురుగులే అసలు శుభ్రం చేసేవి! నాలుగడుగుల ఇసుకలో అవి నెలల్లో అయిపోతాయి. ఆ తర్వాత ఆ పిచ్చిజీవి ఆకలికి చిక్కి, చేతులు ఊడి పోతుంది. ఇది తెలిసీ అమ్మేవాణ్ణి ఏమనాలో మా అత్తగారుంటే అనేవారు, నాకు నోరు రావడం లేదు.

ఇంకో భ్రమ ఉంది. నత్తలు మురికిని తీసేస్తాయనుకుంటారు. ఎక్కడికి తీసేస్తాయండీ? తిన్నది ఇంకో రూపంలో అదే నీళ్ళలో వదుల్తాయి. కొంత వాటి ఒళ్ళుగా మారుతుంది, అవి చస్తే ఆ కాస్తా కుళ్ళి మళ్ళీ నీళ్ళలోకే. అరవై డెబ్భై ప్రాణులు ఒక తొట్టిలో చస్తే ఆ కుళ్ళుకి కొత్త నాచు రాక ఏం చేస్తుంది? ఆ నాచు చూసి మళ్ళీ ఆర్డర్! తొట్టిలోంచి మురికి నిజంగా బయటికి పోవాలంటే మనిషి చెయ్యి నాచు పీకి బయట పారెయ్యాలి, పాత నీళ్ళు తోడి కొత్త నీళ్ళు పొయ్యాలి, చేపల మేత తగ్గించాలి.

మావాడి స్నేహితుడొకాయన భోజనానికొచ్చి నా వాదనంతా విని, "ఆంటీ, అసలు సముద్రంలో పగడాల్ని కాపాడేది ఈ నాచు తినే జంతువులే కదా" అన్నాడు. నిజమే. ఆ కథ నాకూ ఒణుకు పుట్టించింది. కరీబియన్ సముద్రంలో నల్లటి పొడుగు ముళ్ళ బంతిలాంటి జీవి ఉండేది, డయడేమా అంటారు. 1983లో పనామా దగ్గర దానికేదో తెగులు తగిలి, ఏడాది తిరిగేసరికి ఆ సముద్రమంతటా నూటికి తొంభైకి పైగా చచ్చిపోయాయి. నాచు తినే చేపల్ని జమైకాలో అప్పటికే మనుషులు వలలేసి ఊడ్చేశారు. ఇక తినేవాడు లేడు. 1977లో దిబ్బల మీద సగానికి పైగా ఉండే బతికిన పగడం 1990ల మొదట్లో నూటికి మూడు వంతులకి పడిపోయింది, మిగతా చోటంతా నాచే. (1980లో వచ్చిన తుపాను కూడా ఒక చెయ్యి వేసింది.) 2022లో డయడేమాలకి మళ్ళీ తెగులొచ్చింది. అంచేత ఈ జంతువులు అక్కర్లేదని నేను ఎప్పుడూ అనలేదు. అంత అవసరమైన జీవుల్ని చీపురు పుల్లల్లా కట్టగట్టి అమ్మడమేమిటన్నదే నా గొడవ. సముద్రంలో ఎన్నుండాలో అక్కడి మేతే తేలుస్తుంది. ఎక్కువైతే ఇంకో దిబ్బకి పోవచ్చు. మీ తొట్టికి గుమ్మం లేదు.

"ఒక్కోటీ డాలరేగా ఆంటీ" అన్నాడాయన చివరికి. ఆ మాటకి నేను లేచి స్టీలు గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాను. వీటిలో చాలామటుకు పెంచినవి కావు, ఫ్లోరిడా, కరీబియన్ ఒడ్లలో ఏరుకొచ్చినవి. డాలరు ఇచ్చింది ఏరినవాడికి, ఆ జీవికి కాదు.

ఏం పెట్టుకోవాలంటారా? తొట్టి పెట్టగానే ఏమీ వద్దు. నాచు కంటికి కనబడ్డాక మూడో నాలుగో ట్రోకస్‌లు వెయ్యండి. నెలరోజులు చూడండి. అవి చాలకపోతే ఇంకో రెండు. కొత్త నీళ్ళు అలవాటయ్యేలా చుక్క చుక్కగా కలిపి మరీ దించండి, ఉప్పులో తేడా వస్తే నత్త తట్టుకోలేదు. చేపలకి జబ్బు చేసిందని మైలుతుత్తం కలిసిన మందు తొట్టిలో పోశారో, నత్తా పీతా ఒక్కటి మిగలదు. సన్యాసి లేకపోయినా తొట్టికి లోటేమీ లేదు. ముచ్చటపడితే ఎర్ర కాళ్ళవి రెండు మూడు, అవి నీలం వాటికన్నా కాస్త నెమ్మది. అద్దె ఇళ్ళు మాత్రం ముందే కట్టించండి, అంటే రకరకాల సైజుల్లో ఖాళీ గుల్లలు పడెయ్యండి.

నేను తిరిగొచ్చేలోపు మావాడు మళ్ళీ ఆర్డర్ పెట్టలేదు. నక్షత్ర చేపని పెద్ద తొట్టి ఉన్న ఎవరికో ఇచ్చేశాడు, అక్కడైనా ఎన్నాళ్ళో. నా గిన్నెలో గుల్లలు కడిగి తొట్టిలో పోశాం. రాత్రి చిన్న లైటు వేసుకుని చూస్తే సన్యాసులు వాటి చుట్టూ చేరి, లోపల చెయ్యిపెట్టి కొలతలు చూసుకుని, ఒకటి ఖాళీ చేసిన ఇంట్లోకి ఇంకొకటి దూరుతున్నాయి. ఆషాఢంలో ఇళ్ళు మారకూడదని వాటికెవరు చెబుతారు. జపానువాళ్ళు అన్నం చుట్టుకు తినే నోరి అని సముద్రపు నాచు రేకు దొరుకుతుంది, నల్లటి అప్పడంలా ఉంటుంది. ఉప్పూకారం లేనిది తెచ్చి ముక్క చేసి క్లిప్పుకి తగిలిస్తే నత్తలు బారులు తీరి వచ్చాయి.

మొన్న కోడలు ఫోన్ చేసింది. "అత్తయ్యా, పిల్లాడి లంచ్ బాక్సులోకి కొన్న నోరి అంతా మీ నత్తలకే పోతోంది" అని నవ్వింది. అద్దం ఎవరు గీకుతున్నారే అని అడిగాను.

"ఆదివారాలు ఆయన" అంది. "మిగతా ఆరు రోజులూ నేనే."