పాలు పొంగించుటకు ముందు

అద్దె కొంపయే కదా యని పాలు పొంగింపకుండ కాపురము మొదలిడు ఇల్లాలు మన డెల్టా సీమలో కానరాదు. ఆషాఢము వెళ్ళువరకు వేచి, శ్రావణమున మంచిరోజు చూచి, పురోహితుని యడిగి ముహూర్తము పెట్టించుకొని, పొయ్యికి పసుపు కుంకుమలు దిద్ది, తూర్పు ముఖముగా నిలిచి, ఆ క్రొత్త ఇంట ఆమె చేయు మొట్టమొదటి పని యేమనగా, గ్యాసు మీట త్రిప్పి నిప్పు ముట్టించుట. ఆ నిప్పు ఎన్నేండ్ల నాటి రబ్బరు గొట్టము వెంట, ఎంత తుప్పు పట్టిన బిగింపు దాటి వచ్చుచున్నదో విచారించుటకు మాత్రము మన పంచాంగములో తిథి లేదు.

గడచిన శ్రావణమున మా అక్కగారి మనుమరాలికి బాపట్లలో చదువు కుదిరినది. హాస్టలు కూడు సహింపని ఆ పిల్లయు, ఆమె స్నేహితురాండ్రిద్దరును కలిసి ఒక వాటా తీసికొందుమనగా, పెద్దవాడను గదా యని నేనును తెనాలిలో రైలెక్కి వెంట పోతిని. ఇల్లు చక్కనిదే: వీధివైపు వసారా, వెనుక కరివేపచెట్టు, మేడమీద రెండు గదులు. ఇంటావిడ నీళ్ళు వచ్చు వేళయు గేటు వేయు వేళయు చెప్పి, వంటగది ఆగ్నేయమున నున్నదని వాస్తువు కూడ చూపి, "బండా పొయ్యీ మావే ఉన్నాయి అన్నయ్యగారూ, పిల్లలు వాడుకోవచ్చు. అద్దెతోపాటు మూడొందలు ఎక్కువిస్తే చాలు" అనెను. నేను వంగి చూచితిని. గచ్చుమీద బండ నిలుపు చోట తుప్పు వలయములు ఒకదానిపై నొకటిగా నాలుగైదు. ఒక్కొక్క వలయము ఒక్కొక్క కాపురమన్నమాట. బండనుండి పొయ్యికి పోవు ఆకుపచ్చ గొట్టము వేసవి చెరువు అడుగువలె నెరియలు విచ్చి, పొయ్యి కొసన క్లిప్పునకు బదులు ఇనుపతీగతో చుట్టబడి యున్నది.

"ఈ ట్యూబు ఎప్పుడు మార్పించారమ్మా?" అంటిని.

"మా అబ్బాయి పెళ్ళికి మార్పించామండీ. నిక్షేపంలా ఉంది."

అబ్బాయికి ఇద్దరు బిడ్డలు. పెద్దది బడికి పోవుచున్నది. సబ్బునురుగు తెప్పించి, పొయ్యి మీటలు కట్టియుంచి, రెగ్యులేటరు మాత్రము త్రిప్పించి, తీగ చుట్టిన చోట వ్రేలితో రాచితిని. కొంతసేపు ఏమియు లేదు. పిమ్మట ఒక బుడగ, వానకాలపు కప్ప గొంతువలె మెల్లగా ఉబ్బి, నిలిచి, పగిలెను; దాని చోట మరియొకటి లేచెను. "మరి వాసన రాలేదేమండీ?" అని ఆమె నివ్వెరపోయెను. ఆ గ్యాసునకు తనదైన వాసన లేదు. కారినప్పుడు తెలియవలెనని ఇథైల్ మెర్కాప్టాన్ అను దుర్గంధద్రవ్యమును కలుపుదురు. దినదినము ఇంచుక కారుచున్న ఇంట ఆ వాసన పోపు వాసనతో కలిసిపోయి, ముక్కునకు అలవాటై, ఇంటి వాసనయే అయిపోవును.

ఆమెను తప్పు పట్టుట నాకు ఇష్టము లేదు. కొడుకు పెళ్ళికి ఇంటికి సున్నము వేయించి, గుమ్మములకు రంగు పూయించి, ఆ కోవలోనే గ్యాసు గొట్టమును గూడ మార్పించిన గృహిణి అశ్రద్ధగలదని యెవడనగలడు? ఆమెకు గడువున్నదని చెప్పినవాడు లేడు. చెప్పుటకు వచ్చు పద్ధతి యున్నను అద్దె వంటయింటికి అది చేరదు. రబ్బరు గొట్టము 5 ఏండ్లకొకసారి మార్చవలెననియు, ఏజెన్సీ మెకానిక్కు 5 ఏండ్లకొకసారి ప్రతి వంటయింటికి వచ్చి పొయ్యియు రెగ్యులేటరును గొట్టమును పరీక్షింపవలెననియు చమురు కంపెనీల నియమము. సొంత ఇంట స్థిరముగా నున్నవానికి ఈ నియమము ఏదో యొకనాడు తటస్థించును. అద్దెకున్న వాని సంగతి వేరు. మన యొప్పందములు వ్రాసికొను ఆచారము 11 నెలలకు. తనిఖీ గడువు 60 నెలలకు. ఒక తనిఖీకిని మరియొక తనిఖీకిని నడుమ ఒకే వంటయింట ఐదు కాపురములు వచ్చి పోవచ్చును. ఐదిండ్లు మారినవాడు ఒక్క తనిఖీయు చూడకపోవచ్చును. మెకానిక్కు వెదకుచు వచ్చునది గ్యాసు పుస్తకములోని పేరును, పుస్తకములోని చిరునామాను. ఆ పేరుగలవాడు వేరొక పేటలో నుండును. ఆ చిరునామాలో వేరొకని కనెక్షను మండుచుండును. మా బాపట్ల యింట పుస్తకము ఇంటావిడ పెనిమిటి పేర నున్నది. ఆయన కాలము చేసి యేండ్లయినది.

ఈ చిరునామా భేదము కాగితపు లోపము మాత్రమే కాదు. గ్యాసు ప్రమాదములకు చమురు కంపెనీలు బీమా కట్టుచున్నవని చాలమందికి తెలియదు: ప్రాణము పోయినచో మనిషికి 6 లక్షల రూపాయలు, గాయపడినవారి వైద్యమునకు తలకు 2 లక్షల వరకు, ఆస్తినష్టమునకు 2 లక్షల వరకు. అయితే ఆస్తినష్టపు పరిహారము వినియోగదారుని నమోదైన చిరునామాలో జరిగిన దానికే వర్తించును. ఇల్లు మారినప్పుడు బీరువాను, మంచమును, తులసికోటను సైతము ట్రాలీ ఆటోలో ఎక్కించుకొని పోవు సంసారి, గ్యాసు పుస్తకమందలి చిరునామాను మాత్రము పాతయింటనే విడిచిపెట్టి పోవుచున్నాడు. క్రొత్త చిరునామాకు ఇంటి యజమాని అంగీకారపత్రము కావలెనన్నచో, పన్ను మీద పడునేమోయని భయపడి సంతకము పెట్టని యజమానులను నేనెరుగుదును.

ఇంగ్లండులో ఈ తనిఖీ పని యజమానిమీద బెట్టిరి. 1998 నాటి అక్కడి గ్యాసు భద్రతా నిబంధనల ప్రకారము అద్దెకిచ్చిన ఇంటిలో తాను అమర్చిన ప్రతి గ్యాసు పరికరమును, దాని పొగగొట్టమును యజమాని 12 నెలలకొకసారి నమోదైన నిపుణునిచేత పరీక్షింపజేసి, ఆ పత్రమును 28 దినములలో అద్దెవానికి ఇయ్యవలయును. క్రొత్తవానికి వాడు కాపురమునకు రాకమునుపే ఇయ్యవలయును. ఇయ్యకున్న అది నేరము. తెనాలి మారిసుపేటలో రెండు వాటాలు అద్దెకిచ్చియున్న నా మిత్రుడొకడు, విశ్రాంత ఉపాధ్యాయుడు, తన కుమారుడు అక్కడ గది తీసికొన్నప్పుడు ఆ పత్రము ఫోనులో పంపగా నాకు చూపి, "ఎంత పద్ధతిగల దేశమో చూచితివా!" యని మురిసిపోయెను. "మరి నీ వాటాలలో?" అంటిని. "మన దగ్గర అవన్నీ ఎందుకురా" అని కాఫీ తెప్పించెను. ఆ కాఫీయు గ్యాసుమీదనే కాచినది.

ఆ దేశమునకును ఈ బుద్ధి ఊరక పుట్టినది కాదు. 1968 మే 16న తూర్పు లండనులో రోనన్ పాయింట్ అను 22 అంతస్తుల అద్దె భవనమున, 18వ అంతస్తులోని యొక గృహిణి తెల్లవారి టీ కాచుకొనుటకు అగ్గిపుల్ల గీయగా, రాత్రియంతయు కారి నిండిన గ్యాసు ప్రేలి, ఆ మూలనున్న గదులన్నియు పైనుండి క్రిందివరకు పేకముక్కలవలె కూలెను, నలుగురు మరణించిరి. ఆ భవనమునకు అప్పటికి నిండ రెండు నెలల కాపురము. విచారణలో తేలినదేమన, పొయ్యి గొట్టమును కలుపు ఇత్తడి మర నాసిరకముది. ఆ భవనము కట్టుబడియు దోషభూయిష్ఠమే. అది వేరు కథ. మర మాత్రము అద్దెకున్న స్త్రీ చూచి యెరుగగలదిగాదు.

ఇచట ఒక ఆక్షేపణ న్యాయముగనే వచ్చును. ఇంగ్లండులో పొయ్యియు, వేడినీటి యంత్రమును, గొట్టములును యజమానివి. మన దేశమున బండయు పొయ్యియు సాధారణముగా అద్దెవానివి. వాని సొత్తునకు యజమాని యేల పూచీపడవలెను? ఇంగ్లండు చట్టమును అద్దెవాడు తెచ్చుకొన్న పొయ్యికి యజమానిని పూచీ చేయదు. కాని వంటగది యెవరిది? ఈ గ్యాసు గాలికంటె బరువైనది, దాదాపు ఒకటిన్నర నుండి రెండింతలు. కారినచో పైకి లేచి కిటికీ వెంట పోక, నీటివలె గచ్చుమీద పరచుకొని పల్లమునకు జారును. ద్రవముగానున్న ఒక లీటరు గ్యాసు బయట సుమారు 250 లీటర్లగును. వంటగట్టు క్రింద సొగసుగా చెక్క తలుపులు బిగించి బండను లోన దాచు ఏర్పాటు ఇప్పుడు ప్రతి క్రొత్త యింటను కలదు. ఆ తలుపులకు అడుగున గాలి రంధ్రములు లేకున్నచో అది గ్యాసు నిలువచేయు పెట్టెయే. ఆ పెట్టెను చేయించినవాడు యజమాని. బండను బాల్కనీలో నిలిపి గోడ తొలిచి రాగి గొట్టము లాగించినవాడు యజమాని. స్నానపుగదిలో గ్యాసు గీజరు బిగించి, కిటికీకి అద్దము మూసివేసినవాడును యజమానియే. ఆ మూసిన గదిలో పుట్టు కార్బన్ మోనాక్సైడునకు వాసనయే లేదు, ముక్కు ఏమియు చెప్పదు, స్నానమునకు పోయినవాడు నిద్రపట్టినట్లు ఒరిగిపోవును. ఇక, ఆ బాపట్ల ఇంటావిడవలె బండ పొయ్యి తామే యిచ్చి మూడువందలు పుచ్చుకొనువారి పూచీ గూర్చి వాదమే యక్కరలేదు.

2021లో కేంద్రప్రభుత్వము రూపొందించిన నమూనా అద్దె చట్టమున యజమాని చేయవలసిన పనులును అద్దెవాడు చేయవలసిన పనులును ఒక అనుబంధమున పట్టికగా వ్రాయబడినవి. గోడలకు వెల్ల, నీటి గొట్టములు, విద్యుత్తు తీగలు యజమానివి. కుళాయి వాషర్లు, మురుగు శుభ్రము, గీజరు మరమ్మతు, దోమతెరలు అద్దెవానివి. దోమను సైతము మరువని ఆ పట్టికలో గ్యాసు మాట ఒక్కటియు లేదు.

మన ఊళ్ళ సంగతి చూడుడు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా కేంద్రమైన నాటినుండి ఉద్యోగులు వచ్చి పోవుచున్నారు. వ్యవసాయ కళాశాల, ఇంజనీరింగు కళాశాలల పిల్లలు ఏటేట గదులు మారుచున్నారు. సూర్యలంక సముద్రము దగ్గర. ఉప్పుగాలికి గొళ్ళెములే తినిపోవుచుండ పొయ్యి బర్నరు కొసయు, రెగ్యులేటరులోని స్ప్రింగును ఎంతకాలము నిలుచును? తెనాలిలో గంగానమ్మపేట మేడలమీద రేకుల గదులు వేసి, ఒక్క గదిలోనే పొయ్యి, మంచము, దేవుని పటము సర్దుకొను కుటుంబములెన్నియో. కోతలైన పిమ్మట పొలముల ఎలుకలు ఊళ్ళో జొరబడి మెత్తని రబ్బరు కొరుకుట డెల్టావానికి చెప్పనక్కరలేదు. ఉక్కుతీగ అల్లిక గల నారింజరంగు సురక్షా గొట్టము వచ్చినది కొంత అందుకొరకే. రైలు ఆగిపోవు రేపల్లెలో, నిజాంపట్నము రేవుకు కూలికి పోవు ఒంటరివారు, పుస్తకము లేనందున చిన్న బండలో చాటుగా నింపించుకొని, ఆరడుగుల గదిలో తలదాపున పెట్టుకొని నిద్రించుచున్నారు. గుర్తింపు కార్డొక్కటి చూపిన ఏజెన్సీలోనే 5 కిలోల బండ దొరకునని వారికి చెప్పువాడు లేడు. చెప్పదగినవాడు ఆ గది అద్దె పుచ్చుకొను యజమానియే.

కావున నేను కోరునది ఇంత: తనిఖీ కనెక్షనును గాక ఇంటిని అంటియుండవలయును. ఏడాదికొకసారియు, కాపురము మారినపుడెల్ల పాలు పొంగకమునుపును, యజమాని తన ఖర్చుతో ఏజెన్సీ మెకానిక్కును పిలిపించి, పుస్తకము ఎవరి పేరనున్నను సరే, ఆ వంటయింటిని చూపి, ఒక కాగితముమీద తారీఖు వేయించి అద్దెవానికి ఇయ్యవలయును. ఏజెన్సీలు పేరు గల్లంతని తిరిగిపోక ఇంటి నంబరును బట్టి రావలయును. దీనికొరకు క్రొత్త కార్యాలయము తెరువవలెనని మాత్రము నేననను; మరొక దరఖాస్తు, దానిపై మరొక సంతకము, ఆ సంతకము క్రింద చాచిన మరొక చేయి మనకు వలదు. అద్దె ఒప్పందములో ఒక వాక్యము, రాష్ట్రపు అద్దె చట్టపు పట్టికలో ఒక పంక్తి చాలును. ఖర్చందురా, కాపురము మారినప్పుడు వేయించు వెల్లలో ఒక్క గోడకు పట్టు కూలి కూడ కాదు.

అద్దెవాడును చేతులు కట్టుకొని కూర్చుండరాదు. బండ పట్టెమీద అక్షరము, అంకెయు నుండును: ఏ, బి, సి, డి అనునవి ఏడాదిలోని నాలుగు త్రైమాసికములు, సి-27 అన్నచో 2027 సెప్టెంబరు నెలాఖరుతో ఆ బండ పరీక్ష గడువు తీరును. గడువు తీరిన బండ తెచ్చినచో తిరిగి పంపవలయును. వాసన వచ్చినచో స్విచ్చి ముట్టక, తలుపులు తెరచి, బయటికి పోయి 1906కు ఫోను చేయవలయును.

బాపట్లలో ఆ సాయంకాలము ఏజెన్సీ కుర్రవాడు వచ్చి సురక్షా గొట్టము బిగించి, క్లిప్పు వేసి, నురుగు రాచి చూపెను. ఈమారు బుడగ లేవలేదు. డబ్బు ఇంటావిడయే ఇచ్చెను, ఇంచుక నసిగినను. మరునాడు ఉదయము 7 గంటల లోపల ముహూర్తమనగా పిల్లలు పాలు పొంగించిరి. నేను బయలుదేరుచుండగా ఆమె ఆ పాత గొట్టమును చుట్టచుట్టి పెరటి గోడ మేకునకు తగిలించుచు, "పారేయడమెందుకు, దేనికైనా పనికొస్తుంది" అనెను. క్రింది వాటాకు టులెట్ బోర్డు వ్రేలాడుచున్నది. నేను ఆ గొట్టమును అడిగి పుచ్చుకొని, సంచిలో వేసికొని తెనాలి రైలెక్కితిని.