తుమ్ముకు కారణం ముక్కునే అడగండి

పొద్దున పక్క మీంచి లేవగానే వరుసగా తుమ్ములు, ముక్కు వెంట నీళ్లు, కళ్ల దురద. ఎండ ఎక్కేసరికి అంతా సర్దుకుంటుంది. మీ ఇంట్లోనూ ఇలాంటివారు ఒకరైనా ఉండే ఉంటారు. "జుకాం పట్టింది" అంటూ ఉన్నాబ్, సపిస్తాన్, బిహిదానాలతో జోషాందా కాచి ఇస్తాం. ఉపశమనం కలుగుతుంది. మరి ఏళ్ల తరబడి ఇదే తంతు అయితే? కారణం వెతకవద్దా?

కారణం వెతకడం యునానీకి కొత్త కాదు. వసంతంలో గులాబీల వాసన తగిలితే అబూ జైద్ బల్ఖీకి జలుబు ఎందుకు చేస్తుందో జకరియా రాజీ వెయ్యేళ్ల కిందటే ఒక చిన్న గ్రంథంగా రాశారు.

ఇంట్లో మొదట అనుమానించాల్సింది దుమ్ము పురుగును. డస్ట్ మైట్ అనే ఈ జీవి కంటికి ఆనదు. పరుపుల్లో, దిండ్లలో, తివాచీల్లో చేరి మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. యానాం, చెన్నై లాంటి తేమ ఊళ్లు దానికి బాగా అనుకూలం. ఇంటి దుమ్ముతో వచ్చే ఎలర్జీకి ఈ పురుగే ముఖ్య కారణమని 1960లలో హాలెండ్ పరిశోధకులు తేల్చారు.

మామూలుగా చేతి మీద సూదితో గుచ్చి చూస్తారు, లేదా రక్తంలో ఐజీఈ చూస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. దద్దురు లేచినంత మాత్రాన ముక్కు బాధకు ఆ పురుగే కారణమని రుజువు కాదు. ఏ బాధా లేనివారికీ దద్దురు లేవవచ్చు. కొందరికి చర్మం, రక్తం రెండూ ఏమీ చూపించవు, ముక్కు మాత్రం ఎలర్జీతో సతమతమవుతుంది. దూది ఏకే, పరుపులు కుట్టే పనిలో ఉన్న మనవాళ్లకు మరో సందేహం: ముక్కు కారేది దూది దుమ్ముకా, పురుగుకా?

ఇలాంటప్పుడు ముక్కునే అడగాలి. దానికున్న పరీక్షే నేసల్ ప్రొవొకేషన్. ముందు ముక్కులో ఉత్త ఉప్పునీరు వేసి చూస్తారు. తర్వాత దుమ్ము పురుగు సారాన్ని కొద్దిగా వేస్తారు. తుమ్ములు, నీరు, దురద లెక్కగడతారు. ముక్కులో గాలి ఎంత ఆడుతోందో యంత్రంతో కొలుస్తారు. గాలి 40 శాతం తగ్గితే పరీక్ష పాజిటివ్ అన్నట్టే. దీనికి యూరప్ ఎలర్జీ నిపుణుల సంఘం 2018లో ఉమ్మడి పద్ధతిని సూచించింది.

ఇది అందరికీ అక్కర్లేదు. మీ బాధ, చర్మ పరీక్ష ఒకే మాట చెబితే అంతటితో చాలు. రెండూ పొసగనప్పుడు మాత్రం, 3 నుంచి 5 ఏళ్లు సాగే ఎలర్జీ ఇంజెక్షన్లకు ఒప్పుకునే ముందు ఈ పరీక్ష గురించి అడగండి. అన్ని ఊళ్లలో దొరకదు, పెద్ద ఆసుపత్రుల్లో విచారించాలి. ఉబ్బసం అదుపులో లేనివారు, గర్భిణులు చేయించుకోకూడదు. వాడుతున్న మాత్రలు, జోషాందా సంగతి డాక్టరుకు దాచకండి. ఇంట్లో దుమ్ము పీల్చి మీరే పరీక్ష చేసుకోవద్దు.

నబ్జ్ చూసే హకీం రోగిని పరీక్షకు పంపితే ఆయన విద్యకు లోటేమీ రాదు. కారణం తెలిశాక ఇచ్చే మందుకే విలువ ఎక్కువ. ఈలోగా దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి.