సూది వేశాక తీయగలమా?

"అక్కా, ఈ సూది మందు పడకపోతే మళ్ళీ తీసేస్తారా?"

పినపాక మండలంలో ఒక కోయ చెల్లెలు అడిగిన ప్రశ్న ఇది. మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్ గురించి. తీయలేరు. మాత్ర అయితే మానేయొచ్చు, లూపు అయితే తీయించుకోవచ్చు. ఒంట్లోకి వెళ్ళిన సూది మందుని వెనక్కి లాగే దారి లేదు. మానేసినా మళ్ళీ కడుపు నిలవడానికి నెలలు పడుతుంది. ఈ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మనకిది కొత్త కథ కాదు. 1985లో హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే ఇంజెక్షన్‌ని ప్రయోగంగా వేస్తుంటే స్త్రీశక్తి సంఘటన సభ్యులు అడ్డుపడ్డారు. అది ప్రయోగమన్న సంగతి, దుష్ఫలితాల సంగతి అక్కడి స్త్రీలకు తెలియనివ్వలేదు. 1986లో ఢిల్లీ సహేలీతో కలిసి సుప్రీంకోర్టుకెక్కారు. కేసు 2000 దాకా నడిచింది. నెట్-ఎన్‌ని సామూహికంగా వాడటం తగదని చివరికి ప్రభుత్వమే ఒప్పుకుంది. కానీ దాని అక్కలాంటి డి.ఎం.పి.ఎ.కి 1993లో ప్రైవేటు అమ్మకాలకి అనుమతి దొరికింది. 2017లో 'అంతర' పేరుతో ప్రభుత్వ కార్యక్రమంలోకే వచ్చేసింది.

మన సంస్థల్లోనే కొందరంటారు, స్త్రీకి ఎంచుకునే అవకాశం పెరిగింది కదా అని. నిజమే. మొగుడికి చెప్పకుండా వేయించుకోవచ్చని ఇష్టపడేవాళ్ళున్నారు. వాళ్ళని తప్పుపట్టే హక్కు నాకు లేదు. (మగవాళ్ళ ఆపరేషన్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు!) కానీ ఈ సూదితో నెలసరి గతి తప్పుతుంది. కొందరికి ఆగకుండా నెత్తురు కనిపిస్తుంది. ముట్టయితే వేరుగా ఉండాల్సిన ఇంట్లో దానర్థమేమిటి? ఇంకెన్ని రోజులు బయట? ఎన్ని గుడ్డలు? ఎన్ని కూలి రోజులు? పట్నంలో అచ్చయిన కరపత్రం ఈ లెక్క చెప్పదు.

2009లో మన ఖమ్మం జిల్లాలోనే పాత్ అనే అమెరికా సంస్థ ప్రాజెక్టు కింద వేలమంది ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా వేశారు. ఆ టీకా మంచిదా చెడ్డదా అన్నది నా తగవు కాదు. హాస్టళ్ళలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. అడవి పిల్లకి ఒప్పుకోలు అక్కర్లేదని ఎవరు తేల్చారు?

నేను నిషేధం అడగటం లేదు. నెత్తురు ఎక్కువ పోవచ్చనీ, అసలు ఆగిపోవచ్చనీ, వేశాక వెనక్కి తీయలేమనీ సూదికి ముందే కోయ భాషలో చెప్పాలి. ఇబ్బంది పడితే వాగు పొంగిన రోజున కూడా వచ్చి చూసే మనిషి ఉండాలి. ఆ ఏర్పాటు లేని గూడేనికి సూది పంపొద్దు.