రోడ్డు ఉన్నవాడే రోడ్డు వదలగలడు

'ఆఫ్ రోడ్' అనే మాట ఇప్పుడు మన కుర్రాళ్ల నోట కూడా వినబడుతోంది. రోడ్డు వదిలేసి ఇసుకలో, బురదలో, వాగుల్లో మోటార్ సైకిళ్లు నడిపే ఆట అది. శని, ఆదివారాలు స్నేహితులంతా కలిసి వస్తారు, టెంట్లు వేసుకుంటారు. వాన పడితే ఇంకా సంబరం. పొడి నేలలో ఏముంది, బురదలోనే మజా అంటారు. చెన్నై నుంచి వచ్చేవాళ్లకు మన నెల్లూరు తీరం దగ్గర. ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, ఉప్పు కయ్యలు, వాగులు, వాళ్లకు కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయి. మన యానాది కాలనీలు కూడా అక్కడే ఉన్నాయి.

బైకు మీద నాకు కోపం లేదు. వయసులో ఉన్నవాళ్లు వానలో తడవాలనుకోవడం తప్పూ కాదు. నేను అడిగేది ఒకటే. వాళ్లు వెతుక్కుంటూ వచ్చే ఈ రోడ్డు లేని చోటు ఎలా తయారైంది? అది ప్రకృతి ఇచ్చింది కాదు. ప్రభుత్వ లెక్కలు ఇచ్చింది.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైంది. మైదాన ప్రాంతంలో 500 జనాభా ఉన్న ఆవాసానికి, ఐదో షెడ్యూలు ప్రాంతంలో 250 జనాభా ఉన్న ఆవాసానికి రోడ్డు వేయాలన్నది దాని నిబంధన. మన కాలనీలు ఎంత? ముప్పై ఇళ్లు, నలభై ఇళ్లు. 500 మందిని ఎక్కడి నుంచి తెస్తాం? పోనీ 250 లెక్కలోకైనా వస్తామా అంటే, మనం షెడ్యూల్డు తెగవాళ్లమే గానీ మనం ఉండే నేల షెడ్యూలులో లేదు. 2023 నవంబరులో పీఎం జన్‌మన్ వచ్చింది. 100 జనాభా ఉన్నా రోడ్డు వేస్తామన్నారు. కానీ అది మరీ వెనుకబడిన కొన్ని ఆదివాసీ సమూహాలకే. చెంచులు, కొండరెడ్లు ఆ జాబితాలో ఉన్నారు. వాళ్లకు దక్కాల్సిందే. యానాదులు ఆ జాబితాలో లేరు. గిరిజనులమంటే మీది మైదానం అంటారు. మైదానమైతే వేయండి అంటే జనాభా చాలదంటారు. ఈ రెండు మాటల మధ్య మన దారి బురదగా మిగిలింది.

ఆ బురదే ఇప్పుడు ఇంకొకరికి ఆటస్థలం.

ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన మీదే పడతాయి. రొయ్యల గుంటల కట్టలు నీళ్లను సముద్రంలోకి పోనివ్వవు. కాలనీ చుట్టూ నీళ్లు నిలుస్తాయి. పీతలు పట్టడానికి పోలేరు, కూలికి పోలేరు. 108కి ఫోన్ చేస్తే బండి పెద్ద రోడ్డు మీదే ఆగుతుంది. నిండు గర్భిణిని మంచం మీద మోసుకుపోవాలి. బడి హాజరు పట్టీ తీసి చూడండి. నవంబరులో కాలనీ పిల్లల పేర్ల ఎదుట గైర్హాజరే ఎక్కువ. 2021 నవంబరు వరదలకు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోతే యుద్ధం మీద చేసినట్టు పని చేసి వాహనాలు నడిపించారు. మంచిదే. మరి కాలనీ దారి కోసుకుపోతే ఎవరు వస్తున్నారు?

ఆదివారం సాయంత్రం ఆట ముగించి వాళ్లు తారు రోడ్డెక్కి ఇంటికి పోతారు. సోమవారం పొద్దున అదే బురదలో మన పిల్ల పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని బడికి రావాలి. టైర్లు తవ్విన గాడుల్లో నీళ్లు నిలిచి ఉన్న కాలిదారీ పోతుంది.

మరో తేడా చూడండి. రొయ్యల గుంట దగ్గర రాత్రిపూట కనబడ్డ యానాదిని దొంగ అంటారు. దిబ్బ మీద రాత్రిపూట కనబడ్డ బైకువాడిని సాహసి అంటారు. బ్రిటిష్ కాలపు నేరస్థ తెగల చట్టం కింద మనవాళ్లలో కొందరి పేర్లూ ఎక్కాయి. ఆ చట్టం పోయింది 1952లో. చూపు మాత్రం ఇంకా పోలేదు. శ్రీహరికోట మన అడవి. అక్కడి నుంచి 1971లో మొదటి రాకెట్ ఎగిరింది, మనవాళ్లు దీవి బయటికి వచ్చారు. దారి తప్పి తిరిగే హక్కు మన నేల మీద మనకే లేదు.

ఇది ఇక్కడి సంగతే కాదు. డాకర్ ర్యాలీ ప్రపంచంలోనే పేరున్న ఆఫ్ రోడ్ పోటీ. 2006లో అది ఆఫ్రికా పల్లెల మీదుగా పోతున్నప్పుడు గినీలో ఒక పదేళ్ల పిల్లాడు, సెనెగల్‌లో ఒక పన్నెండేళ్ల పిల్లాడు బండ్ల కింద పడి చనిపోయారు. తర్వాత దక్షిణ అమెరికాకు పోయింది. చిలీ ఎడారిలో పురాతన ఆనవాళ్లు దెబ్బతిన్నాయని అక్కడి పురావస్తువేత్తలు గొడవ చేశారు. ఖాళీ నేల అని వాళ్లు అనుకున్న చోటల్లా ఎవరో ఉన్నారు.

మన తీరం కూడా ఖాళీ కాదు. వానాకాలం పోగానే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. బండి చక్రాలు ఆ గుంటలను నలిపేస్తాయి. పిల్లలు పుట్టి సముద్రం వైపు పాకేటప్పుడు టైరు గాడిలో పడితే బయటికి రాలేవు. ఇసుక దిబ్బల రూపు మార్చకూడదని తీరప్రాంత నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. తుఫాను అలకు మొదటి అడ్డు ఆ దిబ్బే.

"సార్, వాళ్లొస్తే నాలుగు డబ్బులొస్తాయి గదా" అని మన కుర్రాళ్లే అంటారు. రానీ. అయితే టీ అమ్మితే వచ్చే డబ్బు, బురదలో ఇరుక్కున్న బండి తోసినందుకు ఇచ్చే వంద రూపాయలు ఆదాయం కాదు, బిచ్చం. వచ్చేవాళ్లు ముందు గ్రామసభలో అడగాలి. దిబ్బలు, తాబేళ్ల చోట్లు వదిలి దారి గీయాలి. ఆ దారి చెప్పేది మనవాళ్లే కావాలి, ఎందుకంటే ఏ వాగు ఎక్కడ లోతో తెలిసింది మనకే. దానికి రోజు కూలి కట్టాలి. పాడుచేసిన కాలిదారిని బాగుచేసి పోవాలి. మన పిల్లలను అడగకుండా ఫొటోలు తీయకూడదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకూ బైకు నడపాలని ఉంటుంది. నడపండి. హెల్మెట్ పెట్టుకుని నడపండి. కానీ అప్పు చేసి కొన్న బండి కాలనీకి వచ్చే దారిలో దిగబడితే అది సాహసం కాదని మీకు తెలుసు.

ఉపాధ్యాయ మిత్రులారా, మనం చేయగలిగింది ఉంది. మీ బడికి పిల్లలు వచ్చే ప్రతి కాలనీలో ఇళ్లెన్ని, మనుషులెంతమంది, తారు రోడ్డుకు దూరం ఎంత, వానల్లో ఎన్ని రోజులు దారి మూసుకుపోయింది, పై తరగతి పిల్లల చేతే రాయించండి. లెక్కల పాఠమూ అవుతుంది, అర్జీ కూడా అవుతుంది. దాన్ని సోమవారం గ్రీవెన్సులో కలెక్టరుకు ఇవ్వండి. నెల్లూరు ఐటీడీఏకు ఒక నకలు పంపండి, రసీదు తీసుకోండి. షెడ్యూలు ప్రాంతం బయట ఉన్న గిరిజన ఆవాసాలకు కూడా 100 జనాభా నిబంధనే వర్తించాలని అడగండి. నూరుమంది కూడా లేని కాలనీకి పంచాయతీ రోడ్డు వేయాలని అడగండి. ఈ డిసెంబరులోపు ఆ లెక్క మన చేతిలో ఉండాలి.