‘రైట్స్ ఆఫ్ అడ్మిషన్ రిజర్వ్‌డ్’ బోర్డును పీకించాలి

దుమ్ముగూడెం మండల ప్రజలారా! భద్రాచలం ఏజెన్సీ యువతీ యువకులారా!

పోయిన శనివారం రాత్రి హైదరాబాదులో ఒక క్లబ్బు గేటు దగ్గర మన పిల్లలు నలుగురిని ఆపేశారు. ముగ్గురు కోయ పిల్లలు, ఒక మాల పిల్లగాడు. అందరూ అక్కడే పని చేసుకుని బతుకుతున్నారు. ఒకనికి కొత్త ఉద్యోగం వచ్చిందని తలా కొంత వేసుకుని పోయారు. ఇస్త్రీ బట్టలున్నాయి, కాళ్లకు బూట్లున్నాయి, ఆధార్ కార్డులున్నాయి, జేబులో డబ్బుంది. గేటు కాడ మొదట ‘ఈ రోజు ఫుల్’ అన్నారు. వెనక వచ్చినవాళ్లు వీళ్ల కళ్ల ముందే లోపలికి పోయారు. ఇదేందని అడిగితే ‘గెస్ట్ లిస్టు ఉంది’ అన్నారు. లిస్టు చూపించమంటే ‘కపుల్స్‌కు మాత్రమే’ అన్నారు. లోపలికి పోయినవాళ్లు ఐదుగురు మగపిల్లలు, వాళ్ల వెంట ఒక్క ఆడపిల్ల లేదు. ఆఖరుకు బౌన్సర్ వీళ్లను తల నుంచి కాళ్ల దాకా చూసి గోడ మీది బోర్డు వైపు చెయ్యి చూపించాడు. ‘రైట్స్ ఆఫ్ అడ్మిషన్ రిజర్వ్‌డ్’. ఎవరిని రానివ్వాలో మా ఇష్టం, అని.

ఈ కరపత్రం ఆ బోర్డు గురించే.

అవమానం ఎట్లుంటుందో మీకు మేం చెప్పనక్కర్లేదు. హోటల్లో వేరే గ్లాసు, బయట బెంచీ ఎట్లుంటాయో తెలిసిన ఊళ్లు మనవి. కానీ ఆ గ్లాసును చూపించి కేసు పెట్టొచ్చు. నగరంలో గేటు దగ్గర ఆపేవాడు కులం పేరెత్తడు, కోయోడివి అనడు. ఒక సాకు చెల్లకపోతే ఇంకోటి తీస్తాడు. అన్నీ అయిపోయాక బోర్డు చూపిస్తాడు. సాకు తప్పని మనం రుజువు చేసినా బోర్డు గోడ మీదే ఉంటుంది.

సాకులు ఎట్లా పుడతాయో చూడండి. చెన్నై రోహిణి థియేటర్లో 2023 మార్చి 30న చేతిలో టికెట్లు పట్టుకుని వచ్చిన నరికురవ తెగ కుటుంబాన్ని గేటు కాడ నిలిపేశారు. వీడియో ఊరంతా చూశాక థియేటర్ వాళ్లు చెప్పిన మాట: సినిమాకు యూ/ఏ సర్టిఫికెట్ ఉంది, వాళ్ల వెంట చిన్నపిల్లలున్నారు. తల్లిదండ్రులు వెంట ఉంటే పిల్లలు యూ/ఏ సినిమా చూడొచ్చు. వీడియో తీసినవాడు లేకపోతే ఆ కుటుంబం ఇంటికి పోయేది, మనకు తెలిసేదే కాదు. 2024 జులైలో బెంగళూరు జీటీ మాల్‌లో కొడుకుతో కలిసి సినిమాకు వచ్చిన రైతును పంచె కట్టుకున్నాడని ఆపారు. జనం కోపానికి కర్ణాటక ప్రభుత్వం ఆ మాల్‌ను ఏడు రోజులు మూయించింది. అంతకు ముందు ఫిబ్రవరిలో అదే నగరంలో బట్టలు మాసి ఉన్నాయని ఒక రైతును మెట్రో రైలెక్కనివ్వలేదు.

అన్నింటికన్నా మనకు తగిలేది ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో జరిగింది. 2017 జూన్‌లో ఒక సభ్యుడి పిలుపు మీద భోజనానికి వచ్చిన ఖాసీ ఆదివాసీ మహిళను బల్ల దగ్గర నుంచి లేపి బయటికి పంపారు. ఆమె కట్టుకున్నది మేఘాలయ ఆడవాళ్లు కట్టుకునే జైన్‌సెమ్. పనిమనిషిలాగా ఉన్నావన్నారు. ఆ క్లబ్బు ఉన్నది ప్రభుత్వ భూమిలో. దేశమంతా చీవాట్లు పెడితే విచారం వ్యక్తం చేసి ఊరుకున్నారు.

ఇప్పుడు ఇంకో సంగతి దీని పక్కన పెట్టి చూడండి. 2014 జులైలో చెన్నైలో తమిళనాడు క్రికెట్ అసోసియేషన్ క్లబ్బులో పుస్తకావిష్కరణకు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి హరిపరంధామన్ పంచెతో వచ్చారు. గేటు దగ్గర ఆపారు. మరుసటి నెలకల్లా తమిళనాడు అసెంబ్లీ చట్టం చేసింది. పంచె కట్టుకున్నాడనో, భారతీయ సంప్రదాయ దుస్తులు వేసుకున్నాడనో ఎవరినీ ఆపరాదు. ఆపితే లైసెన్సు రద్దు, ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. జడ్జిగారిని ఆపితే నెలలో చట్టం వచ్చింది. ఆదివాసీ ఆడమనిషిని ఆపితే విచారం దక్కింది. మన పిల్లలను ఆపితే ఏమొచ్చింది? పోలీసు స్టేషన్‌లో ‘అక్కడికి మీరెందుకు పోయారు’ అన్న ప్రశ్న.

ఆ ప్రశ్న మన ఊళ్లోనూ వినిపిస్తోంది. పబ్బులకు పోవడం మంచిదా, ఆపడమే మంచిదైంది, అంటున్నారు కొందరు పెద్దలు. పెద్దల మీద గౌరవం ఉంది కానీ ఈ మాట ఒప్పుకోం. తాగుడు చెడ్డదైతే అందరికీ చెడ్డది. వెనకొచ్చిన ఐదుగురికి మంచిదై మన నలుగురికి చెడ్డది కాలేదు. ఇంతకీ పబ్బు సంగతి పక్కన పెట్టండి. ఆ గేటు దగ్గర ఒప్పుకుంటే రేపు మాల్ దగ్గర, ఎల్లుండి ఆసుపత్రి దగ్గర, అద్దె ఇంటి దగ్గర ఒప్పుకున్నట్లే. ఆ క్లబ్బుల్లో గిన్నెలు కడిగేది, నేల తుడిచేది, కారు పార్కింగు చూసేది మన ఏజెన్సీ పిల్లలు కారా? వెనక తలుపు నుంచి పనికి రానిచ్చినవాళ్లు ముందు తలుపు నుంచి డబ్బిచ్చి వస్తామంటే ఎందుకు ఆపుతారు?

మా ఆస్తి, మా తలుపు, మా ఇష్టం అంటారు యజమానులు. ఈ మాట నిలవదు. ఇల్లయితే మీ ఇష్టం. బారు నడపాలంటే ఎక్సైజ్ శాఖ 2బీ లైసెన్సు కావాలి. ఆటపాట పెట్టాలంటే పోలీసు అనుమతి కావాలి. జూబ్లీహిల్స్ పబ్బుల్లో రాత్రి 10 దాటితే మోత వినిపించరాదని 2022లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. 21 ఏళ్లు నిండనివాళ్లకు మందు పోయరాదని రూలుంది. ఇన్ని షరతులు పెట్టగలిగిన ప్రభుత్వం తలుపు దగ్గర ఒక్క షరతు పెట్టలేదా? పెట్టలేక కాదు. అడిగినవాళ్లు లేక పెట్టలేదు.

తెల్లదొరల కాలంలోనూ ఇదే బోర్డు ఉండేది. మద్రాసు క్లబ్బు మనవాళ్లను రానివ్వదని 1873లో కాస్మోపాలిటన్ క్లబ్బు వేరే పెట్టుకోవాల్సి వచ్చింది. చిట్టగాంగు పహాడ్‌తలి యూరోపియన్ క్లబ్బు ముందు కుక్కలకూ భారతీయులకూ ప్రవేశం లేదని బోర్డు ఉంటే 1932 సెప్టెంబరులో ఇరవై ఒక్క ఏళ్ల ప్రీతిలతా వద్దేదార్ ఆ క్లబ్బు మీద దాడి చేసి ప్రాణమిచ్చింది. అమెరికాలో గ్రీన్స్‌బరో ఊళ్లో 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు తమకు వడ్డించని హోటల్ బల్ల దగ్గర కూచుని లేవలేదు. నాలుగేళ్లకు 1964లో హోటళ్ల తలుపులు తెరిపించే చట్టం వచ్చింది. బతిమాలితే తెరుచుకున్న తలుపు చరిత్రలో మాకు కనబడలేదు.

మనకు రాజ్యాంగం ఉంది. 15వ అధికరణం రెండో క్లాజు చదవండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా దుకాణాల్లోకి, హోటళ్లలోకి, రెస్టారెంట్లలోకి, వినోద స్థలాల్లోకి ఏ పౌరుణ్నీ ఆపరాదని పేరుపేరునా రాసి ఉంది. ప్రభుత్వాన్ని మాత్రమే కాదు, ప్రైవేటు యజమానిని కూడా కట్టేసే క్లాజు అది. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం అంటరానితనంతో హోటల్లోకి రానివ్వకపోతే శిక్ష వేస్తుంది, కానీ జరిమానా 100 నుంచి 500 రూపాయలు. ఆ క్లబ్బుల్లో ఒక్క గ్లాసుకు అంతకన్నా ఎక్కువ తీసుకుంటారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ గట్టిది. దుకాణం, వినోద స్థలం, మరే బహిరంగ స్థలంలోకైనా ఎస్సీ, ఎస్టీలను అడ్డుకుంటే ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు. అయితే కులం వల్లే ఆపారని ఎవరు సాక్ష్యం చెప్తారు? బౌన్సర్ చెప్తాడా? మేనేజర్ చెప్తాడా? సీసీ కెమెరా వాళ్లది, గెస్ట్ లిస్టు వాళ్లది, కారణం వాళ్ల నోట్లోది. చట్టం ఉన్నా మన చేతికి కాగితం ముక్క రాదు. అందుకే గేటు దగ్గరే కాగితం పుట్టాలంటున్నాం.

మన పర్ణశాలకు హైదరాబాదు నుంచి ఎన్ని కార్లు వస్తాయో మనకు తెలుసు. గోదారి ఒడ్డున ఫొటోలు దిగుతారు, సీతమ్మ నారచీరల గుర్తులు చూస్తారు, మన దగ్గర బొమ్మలు కొంటారు. ఏ బట్టలేసుకున్నారు, ఎవరితో వచ్చారు, మీదే కులం అని మనం ఎవరినన్నా ఆపామా? భద్రాచలంలో రాముడి విగ్రహాలకు మొదట పందిరేసి పండ్లు పెట్టింది ఆదివాసీ ఆడమనిషి పోకల దమ్మక్క అని గుడి కథే చెబుతుంది. ఆ దమ్మక్క బిడ్డలు రాజధానిలో గేటు బయట నిలబడ్డారు.

ఆ రాత్రి గేటు కాడ నిలబడ్డ బౌన్సర్ మీద మాకు పగ లేదు. అతనూ నెల జీతగాడే. ఎవరిని ఆపాలో అతనికి చెప్పినవాడు లోపల ఏసీ గదిలో ఉన్నాడు. చట్టం వాడి దాకా పోవాలి.

తెలంగాణ ప్రభుత్వాన్ని మేం అడిగేది ఇది. తమిళనాడు తరహాలో ప్రవేశ చట్టం చెయ్యాలి, కానీ బట్టల దగ్గర ఆగిపోకూడదు. ‘రైట్స్ ఆఫ్ అడ్మిషన్ రిజర్వ్‌డ్’ బోర్డు పెట్టడమే నేరం కావాలి. దాని స్థానంలో వయసు, టికెట్ ధర, బట్టల షరతు ఏదున్నా తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. రాయని షరతు చెల్లదు. ఎవరినన్నా ఆపితే కారణం, సమయం, ఆపినవాడి పేరు రాసి సంతకంతో చీటీ ఇవ్వాలి. గేటు కెమెరా రికార్డు దాచి ఉంచాలి, ఫిర్యాదు వస్తే పోలీసులకు ఇవ్వాలి. బ్రిటన్‌లో 2001 చట్టం కింద గేటు కాపలాదారుకు లైసెన్సు ఉంటుంది, దాన్ని పైకి కనబడేట్టు పెట్టుకోవాలి. మన దగ్గరా బౌన్సర్ ఛాతీ మీద పేరుండాలి. రెండోసారి దొరికితే 2బీ లైసెన్సు పోవాలి.

కాగితం మీద చట్టం ఉంటే చాలదు, పరీక్ష చేసేవాళ్లుండాలి. స్వీడన్‌లో లా చదివే విద్యార్థులు వలస కుటుంబాల పిల్లలొక జట్టుగా, మిగతావాళ్లొక జట్టుగా క్లబ్బులకు పోయి గేటు దగ్గర జరిగింది రికార్డు చేశారు. పరీక్షకని పోయినవాళ్లకు కూడా పరిహారం ఇవ్వాల్సిందేనని 2008లో వాళ్ల సుప్రీంకోర్టు తేల్చింది. మన ఎక్సైజ్, సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ శాఖలు ఆ పని చెయ్యాలి. చెయ్యకపోతే మన పిల్లలే చేస్తారు.

ఆడపిల్లల రక్షణ కోసమే ఒంటరి మగవాళ్లను ఆపుతున్నామని ఒక వాదన ఉంది. రక్షణ కావాలి. లోపల అల్లరి చేసినవాణ్ని బయటికి గెంటండి, పోలీసులకు పట్టివ్వండి. ఏ తప్పూ చెయ్యనివాణ్ని మొహం చూసి ఆపడం రక్షణ కాదు.

హైదరాబాదులో ఉన్న మన పిల్లలకు ఒక మాట. ఆపితే చేతులెత్తకండి, తిట్టకండి. ఫోన్‌లో వీడియో తీయండి, తేదీ, సమయం, సాకు రాసుకోండి, పక్కన నిలబడ్డవాళ్ల నంబర్లు తీసుకోండి. అక్కడి నుంచే ఎస్సీ, ఎస్టీ హెల్ప్‌లైన్ 14566కు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యండి. ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికి రానిదే స్టేషన్ నుంచి కదలకండి.

ఊళ్లో ఉన్న మనకు ఇంకో పని. ప్రతి నెలా 30న పౌరహక్కుల దినమని అధికారులు గ్రామాలకు రావాలి. ఈ నెల 30న మన మండలంలో ఎక్కడ సభ పెట్టినా తహసీల్దారు, ఎస్‌ఐల ముందు ఈ కరపత్రం చదవండి, ప్రవేశ చట్టం కావాలని తీర్మానం రాయించండి. మనది షెడ్యూల్డ్ ప్రాంతం, గ్రామసభ మాటకు 1996 పెసా చట్టం బలం ఉంది. ఆ తీర్మానాలు భద్రాచలం ఐటీడీఏకు, అక్కడి నుంచి ముఖ్యమంత్రి కార్యాలయానికి చేరాలి. ఇంటికొకరు రండి. ఆ నలుగురు పిల్లల తల్లిదండ్రులు ముందు వరుసలో కూచుంటారు, వాళ్ల పక్కన కూచోండి.

— పర్ణశాల గ్రామస్థులు, దుమ్ముగూడెం మండలం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా