కాలవ పార్టీ, గోదారి పార్టీ

పడవల పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ముందు టీ వస్తుంది, వెనకే తగాదా వస్తుంది. కాలవ గొప్పా, గోదారి గొప్పా? ధవళేశ్వరంలో కూర్చుంటే దీనికి వేరే సాకు కూడా అక్కర్లేదు. ఓ పక్క ఆనకట్ట, ఇంకో పక్క లాకులు. ఎటు తిరిగినా ఎవరో ఒకరి సాక్ష్యం కళ్ళెదురుగా ఉంటుంది.

గోదారి పార్టీకి నోరు కాస్త పెద్దది. పాపికొండలు వాళ్ళవి, పేరంటాలపల్లి వాళ్ళది, సినిమాలూ వాళ్ళవే. 1973లో బాపు ‘అందాల రాముడు’, 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ రెండూ జనాన్ని భద్రాచలం వైపు పడవెక్కించినవే. ‘మీ కాలవ మీద ఏవుందండీ, బాతులు తప్ప?’ అంటాడు లాంచీ మీద సరంగుగా చేసి రిటైరైన పెద్దాయన. కాలవ పార్టీ తరఫున లెక్కల మాస్టారు తొణక్కుండా, ‘పాలగుమ్మి పద్మరాజు గారి పడవ ప్రయాణం చదవండి, తర్వాత మాట్లాడదాం’ అంటారు. సరంగు గారు చదవరు. మాస్టారూ వదలరు.

మాస్టారి అసలు బలం కథల్లో లేదు, దారిలో ఉంది. కాకినాడలో పడవెక్కినవాడు బండి మొహం చూడకుండా మద్రాసులో దిగొచ్చు అనేది ఆయన వాదన. అది గొప్పలకి చెప్పేది కాదు, ఒకప్పుడు నిజంగా ఉన్న దారే. కాకినాడ కాలవ మీద ధవళేశ్వరం. అక్కడ ఆనకట్టకి ఎగువన గోదారి దాటి విజ్జేశ్వరం. ఏలూరు కాలవ పట్టుకుంటే బెజవాడ. కృష్ణ దాటి సీతానగరం, దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలవ, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవ. ఆపైన సముద్రం పక్కనే దక్షిణానికి. ఉప్పు, సరుగుడు కట్టెలు, గుల్లసున్నం అన్నీ ఆ నీళ్ళ మీదే మద్రాసు చేరాయి. 1847లో మొదలెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరకి రైలు కంటే పడవ మీదే గురి. సరుకు మోయడానికి కాలవలే చవకని ఆయన చివరిదాకా వాదించాడు. ఓడిపోయాడనుకోండి. 1900లో రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన మీద రైలు గోదారి దాటేసింది.

‘మరి లాకులో గంటలకి గంటలు కూర్చోవాలి కదండీ?’ అని అడుగుతాడు కాకినాడ నుంచొచ్చే బ్యాంకు కుర్రాడు. పాపం, ఇక మాస్టారు ఆగరు.

పాత లాకు తలుపుకి రెండు రెక్కలుంటాయి. అవి తిన్నగా మూసుకోవు, ఎగువ వైపుకి కోణం తీసి ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఎగువ నీటి బరువే వాటిని బిగించేస్తుంది. రెండు వైపులా నీళ్ళు సమానమయ్యేదాకా ఏనుగొచ్చి తోసినా రావు. గోదారి వైపు నుంచి కాలవలోకి దిగే పడవ రెండు తలుపుల మధ్య గదిలోకి రాగానే వెనక తలుపు మూస్తారు, ముందు తలుపు అడుగున షట్టర్లు ఎత్తుతారు. నీళ్ళు తీస్తాయి, పడవ దిగుతుంది. ఆ కాసేపూ అసలు పనంతా తాడు పట్టుకున్నవాడిదే. గోడ మీది గుంజకి తాడు బిగించి కట్టి బీడీ ముట్టించాడా, నీళ్ళు కిందకి పోతాయి, పడవ ఓ పక్క తాడుకి వేలాడుతుంది. గుంజకి ఓ చుట్టు వేసి, కొస చేతిలో ఉంచుకుని, పడవ దిగే కొద్దీ వదులుతూ ఉండాలి. ఇది చెప్పేటప్పుడు మాస్టారి చేతులు గాల్లోనే తాడు వదులుతుంటాయి.

సరంగు గారి విద్య వేరు. వరద తీసిన తర్వాత ఇసక మేటలు నిరుడున్న చోట ఉండవు. నీటి పైపొర చూసి లోతు చెప్పాలి. కొండల మధ్య గోదారి ఇరుకైన చోట నీళ్ళు ఎటు తిరుగుతున్నాయో చుక్కానికి ముందే తెలియాలి. ఈ మాట వచ్చాక కచ్చులూరు మందం పేరు రాక తప్పదు. 2019 సెప్టెంబరు 15న వరద గోదారిలో పర్యాటకుల బోటు మునిగింది అక్కడే. లంగర్లు, ఇనుప తాళ్ళతో తిప్పలు పడి అక్టోబరు 22న దాన్ని బయటికి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. ఈ ఒక్క విషయంలో రెండు పార్టీలకీ తేడా లేదు: నది వద్దన్న రోజున టికెట్ అమ్మకూడదు.

కుర్రాడిది మరో గోల. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలవలని, భద్రాచలం నుంచి గోదారిని, వజీరాబాద్ నుంచి కృష్ణని కలిపి నాలుగో జాతీయ జలమార్గం అన్నారు. అప్పటి లెక్కన మొత్తం 1,078 కిలోమీటర్లు, అందులో ఏలూరు కాలవే 139. మ్యాపులో చూస్తే నోరూరుతుంది. కాలవ గట్టు మీద నడిస్తే గుర్రపుడెక్క కనిపిస్తుంది, దాని వెనక నీళ్ళకి ఆనుకున్నట్టు వంతెన కనిపిస్తుంది. పడవలు తిరగవన్న ధీమాతో కిందకి కట్టేసిన వంతెనలు చాలానే ఉన్నాయి. జలమార్గం నిజంగా కావాలంటే ముందు ఎత్తాల్సింది ఈ వంతెనలనే. ఈ మాటలో కుర్రాడిదే పైచేయి.

విజ్జేశ్వరం నుంచి ఏలూరుకి చిన్న కయాక్ వేసుకుని పోతానంటాడు వాడు. ‘వేసంకాలం కాలవలు కట్టేస్తారురా అబ్బాయ్, బురదలో తెడ్డేస్తావా?’ అంటారు మాస్టారు. అయితే వేసవిలో నరసాపురం వెళ్ళి సఖినేటిపల్లి పంటు ఎక్కుదాం అన్నాడు ఎవరో. అంతే, కొత్త తగాదా. మోటారు సైకిళ్ళని, కార్లని ఎక్కించుకుని వశిష్ఠ దాటే ఆ బల్లపరుపు పంటు అసలు పడవ కిందకి వస్తుందా? లాకు దాటనిది పడవే కాదని మాస్టారు కొట్టిపారేశారు.

‘రేవుందా? చుక్కాని ఉందా? మీరు టీ తాగుతూ కూర్చుంటే వదిలేసి పోద్దా? ఇంకేం కావాలండి పడవకి!’ అని లేచారు సరంగు గారు. టీ డబ్బులు మాత్రం కాలవ పార్టీయే ఇచ్చింది.