అణువు వంగిన నేమి, వంగకున్న నేమి?

గతమాసమున ఒక సోదరి వ్రాసిన జాబు ఇప్పటికిని మా బల్లమీదనే యున్నది. ఆమె కుమార్తె ఇంటర్మీడియెటు మొదటి సంవత్సరము చదువుచున్నది. రసాయనశాస్త్ర పరీక్షలో రెండు వాయువుల అణువులకు ఆకారమేమి, ధ్రువత్వము కలదా లేదా యని ప్రశ్న వచ్చినదట. ఒకటి బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు. రెండవది గంధకమును కాల్చినపుడు పుట్టెడు ఘాటైన వాయువు, సల్ఫర్ డయాక్సైడు. “రెండింటిలోను నడుమ నొక పరమాణువు, ప్రక్కల రెండు ఆక్సిజనులు, కావున రెండును తిన్నని గీతవంటివే, రెండింటికిని ధ్రువత్వము లేదు” అని పిల్ల వ్రాసినది. మొదటిది ఒప్పు, రెండవది తప్పు. ఎందుకు తప్పో చెప్పినవారు లేరు. ఆకారముల పట్టికను మరల వల్లెవేయుమని మాత్రము చెప్పిరట. ఆనాటినుండి “నాకీ శాస్త్రమబ్బదు, మానెదను” అని పిల్ల పట్టుపట్టి కూర్చున్నది. “మాన్పించవచ్చునా? నేను పదవ తరగతితో చదువు చాలించినదానను, దానికేమి చెప్పగలను?” అని తల్లి యడుగుచున్నది.

మాన్పించవలదు. ఈ మాట ముందే చెప్పి కారణము పిదప చెప్పుచున్నాము. ఆ పిల్ల తప్పు వ్రాసినది గాని బుద్ధిలేక వ్రాయలేదు. తెలిసినదానినిబట్టి తెలియనిదానిని ఊహించినది. శాస్త్రజ్ఞులు చేయు పనియు నదియే. అయితే ఆమె లెక్కపెట్టక విడిచిన దొకటి కలదు. దానిని తల్లియే చూపగలదు. అందులకు కావలసినవి ఒక బంగాళాదుంప, నాలుగు చీపురుపుల్లలు, గుప్పెడు నానిన సెనగలు.

పరమాణువులను కలిపి యుంచునవి ఎలక్ట్రానులు. అవి యన్నియు ఋణవిద్యుత్తు గలవి గనుక ఒకదానినొకటి సహింపవు. జంటలుగా కూడి, ఒక జంటకు మరియొక జంట వీలైనంత ఎడముగా జరుగును. అలిగిన తోడికోడండ్రు ఇద్దరు ఒకే గదిలో నుండవలసివచ్చినచో చెరియొక గోడకు చేరుదురు గదా. అట్లే రెండు దిక్కులే కావలసినచోట అణువు తిన్నని గీత యగును. మూడు కావలసినచో సమతలముగా మూడు మూలలకు పోవును. నడుమ కోణము 120 డిగ్రీలు. ఈ సూత్రమును 1940లో ఆక్సుఫర్డునందలి సిడ్జ్‌విక్, పవెల్ అనువారు సూచించిరి. 1957లో లండనునందు పనిచేయుచుండిన గిలెస్పీ, నైహోమ్ అనువారు దానిని పెంచి, విద్యార్థులకు పనికివచ్చు రూపమునకు తెచ్చిరి.

నాలుగు దిక్కులు కావలసినచోటనే చిక్కు. కాగితముమీద కూడికగుర్తువలె నాలుగు గీతలు గీచి, కోణము 90 డిగ్రీలని పిల్లలనుకొందురు. పెద్దలును ఒకప్పుడట్లే యనుకొనిరి. 1865లో హాఫ్‌మన్ అను పండితుడు లండనులో ఉపన్యసించుచు, క్రోకే యాటలో వాడు బంతులకు పుల్లలు గ్రుచ్చి అణువులను చూపినపుడు అవి బల్లమీద పరచినట్లు చదునుగానే యుండెను. కాని కాగితము చదునైనంత మాత్రమున లోకము చదును కాదు. దుంపకు నాలుగు పుల్లలు ఒకదానికొకటి మిక్కిలి దూరముగా నుండునట్లు గ్రుచ్చి చూడుడు. మూడు క్రిందికి కాళ్లవలె దిగి, ఒకటి పైకి నిలుచును. ఎటు త్రిప్పి పెట్టినను అంతే. చేనిగట్టున కాలిలో గ్రుచ్చుకొను పల్లేరుకాయ యెట్లు పడినను ఒక ముల్లు పైకే చూచుట మనము చిన్ననాటినుండి ఎరుగుదుము. కోణము 109.5 డిగ్రీలు. కర్బనమునకు గల నాలుగు చేతులు ఇట్లే యుండవలెనని 1874లో వాంట్ హాఫ్, లె బెల్ అనువారు ఎవరికి వారుగా చెప్పిరి. వాంట్ హాఫ్ వయస్సు అప్పటికి 22 ఏండ్లు. జర్మనీలో కోల్బె యను పెద్ద పండితుడు 1877లో ఆ యువకుని అచ్చులోనే ఎగతాళి చేసెను. 1901లో రసాయనశాస్త్రమునకు మొదటి నోబెల్ బహుమానము ఇచ్చినపుడు అది వాంట్ హాఫ్‌కే దక్కెను; ఈ పల్లేరుకాయకు గాదు, వేరు పరిశోధనకు. ఐనను కోల్బె అప్పటికి బ్రదికియుండినచో ఏమనెడివాడో యని మాకు తోచకపోదు.

ఇప్పుడు పిల్ల విడిచిన లెక్కకు వచ్చెదము. బంధమునందు చేరక, నడిమి పరమాణువునొద్దనే మిగిలిపోవు జంటలు కొన్ని యుండును. బొమ్మలో వాటి చివర ఏ పరమాణువును ఉండదు గనుక అవి కంటికి కానరావు. కాని చోటు మాత్రము ఆక్రమించును. పైగా బంధపుజంటకంటె ఎక్కువ చోటే ఆక్రమించును. బంధపుజంటను రెండు పరమాణువులు రెండువైపుల పట్టుకొనుటచే అది సన్నగా నుండును. ఒంటరిజంటను పట్టువాడొక్కడే, ఇద్దరి మంచముపై ఒక్కరే పరుండినట్లు అది విచ్చలవిడిగా పరచుకొని ప్రక్కవారిని నెట్టును. ఉదజనివాయువు నాలుగు పాళ్లు కర్బనముతో కూడిన మీథేనులో ఒంటరిజంట లేదు, కోణము 109.5. అమ్మోనియాలో అట్టి జంట ఒకటి కలదు. మూడు ఉదజనులు ముక్కాలిపీట కాళ్లవలె దిగును, కోణము 107. నీటిలో రెండు కలవు. మిగిలిన రెండు దిక్కుల ఉదజనులుండి అణువు వంగును, కోణము 104.5 డిగ్రీలు. సెనగలు గ్రుచ్చిన పుల్లలు పరమాణువులు, సెనగలేని పుల్లలు ఒంటరిజంటలు అని పిల్లకు చూపినచో ఈ మూడును ఒకే కుటుంబములోనివని తానే కనుగొనును. వేరువేరుగా వల్లెవేయ నక్కరలేదు.

పరీక్షలోని రెండు వాయువులను ఇట్లే లెక్కింపుడు. బంధము ఒంటిదైనను జంటదైనను ఒకే దిక్కుగా నెంచవలెను. కర్బనమునకు బయటివరుసలో ఎలక్ట్రానులు 4. ఒక్కొక్క ఆక్సిజనుతో బంధమునకు రెండేసి చొప్పున నాలుగును వ్యయమగును. మిగులు లేదు. దిక్కులు రెండే, అణువు తిన్నన. గంధకమునకు ఎలక్ట్రానులు 6. నాలుగు వ్యయమైన పిదప రెండు మిగులును. ఆ రెండే ఆ పిల్ల చూడని ఒంటరిజంట. దిక్కులు మూడైనవి, కావున అణువు సుమారు 119 డిగ్రీల కోణమున వంగును. తప్పంతయు ఆ రెండు ఎలక్ట్రానులలో నున్నది.

వంగిననేమి యందురా? ధ్రువత్వమంతయు అందుమీదనే ఆధారపడియున్నది. ఆక్సిజను పొరుగువారి ఎలక్ట్రానులను తనవైపు లాగుకొను స్వభావము గలది. లాగినవైపు కొంచెము ఋణము, రెండవవైపు కొంచెము ధనము ఏర్పడును. బొగ్గుపులుసు అణువులో ఇరుప్రక్కల రెండు ఆక్సిజనులు సమానమైన బలముతో ఎదురెదురుగా లాగును. రెండు సమమైన యెడ్లను బండికి ముందొకటి వెనుకొకటి కట్టినట్లు, కదలిక సున్న. అణువు వంగినచో రెండు లాగుడులును కొంత ఒకే వైపునకు కలిసివచ్చును. ఈ బలమును కొలుచుటకు డిబై యను శాస్త్రజ్ఞుని పేరనే ఒక కొలత కలదు; ఆయనకు 1936లో నోబెల్ బహుమానము లభించెను. ఆ కొలతలో బొగ్గుపులుసు వాయువునకు సున్న, సల్ఫర్ డయాక్సైడునకు 1.63, నీటికి 1.85. అణువులో బంధములకు ధ్రువత్వమున్నంత మాత్రమున అణువునకు ఉండవలెనని లేదని దీనివలన తెలియుచున్నది. విద్యార్థులు మిక్కిలి పొరబడునది ఇచ్చటనే.

అయితే ఆ సున్నయు సంపూర్ణమైన సున్న గాదు. అణువులు ఊరక నిలిచియుండవు, కంపించుచుండును. బొగ్గుపులుసు అణువు కంపించుచు వంగిన క్షణమున దానికి ధ్రువత్వము పుట్టును. అట్లు వంగునపుడే అది భూమినుండి పైకిపోవు వేడిని పీల్చుకొనును. లోకము వేడెక్కుచున్నదని నిత్యము వినుచున్న మాటకు మూలములలో నిది యొకటి.

నీరు వంగుట మన యిండ్లలో చేయు పని ఇంతంత గాదు. నీటియణువు తిన్ననైనదే యైనచో దానికి ధ్రువత్వముండదు, ఒక అణువు మరియొకదానిని ఇంత గట్టిగా పట్టుకొనజాలదు. నీటికి వరుసలో తోబుట్టువగు హైడ్రోజన్ సల్ఫైడు, అనగా కుళ్లిన గ్రుడ్డు వాసన వాయువు, నీటివలె గట్టి పట్టు లేనిది గనుక సున్నకు 60 డిగ్రీలు క్రిందనే మరిగి ఆవిరియగును. నీరు 100 డిగ్రీలవరకు కుండలో నిలుచుచున్నది. ఉప్పు నీట కరగును, నూనెలో కరగదు. పసుపురంగు, మిరపకారము నూనెకు దిగును గాని నీటికి లొంగవు. అందువలననే పోపు నూనెలో వేసెదము. నోరు మండినపుడు నీరు త్రాగిన తగ్గదు, పాలో మజ్జిగయో త్రాగిన తగ్గును. మైక్రోవేవు పొయ్యిలో విద్యుత్‌క్షేత్రము సెకనునకు సుమారు 245 కోట్ల ఆవర్తనములతో దిక్కు మార్చుకొనుచుండగా, ధ్రువత్వముగల నీటియణువులు దాని ననుసరించి తిరుగబోయి ఒరసికొని వేడెక్కును. ఆ పొయ్యిలో గడ్డకట్టిన పదార్థము త్వరగా వేడెక్కదేమని అడుగు సోదరీమణులు కలరు. మంచులో అణువులు ఒకదానినొకటి పట్టి బంధించియుండుటచే తిరుగజాలవు.

అయానులకును ఇదే లెక్క. ధనావేశ మొకటి యున్నచో ఒక ఎలక్ట్రాను తగ్గించి, ఋణావేశమున్నచో కలిపి లెక్కింపవలెను. నవాసారములోని అమ్మోనియం, పటికలోని సల్ఫేటు పల్లేరుకాయలు. చాకలిసోడాలోని కార్బొనేటు, సురేకారములోని నైట్రేటు సమతలపు మూడుమూలలు. అన్నిచోట్ల ఈ సూత్రము సరిగా పలుకుననియు చెప్పము. పైన చెప్పిన కుళ్లిన గ్రుడ్డు వాయువు కోణము 92 డిగ్రీలే. వంగునని సూత్రము చెప్పగలదు గాని అంతగా వంగునని చెప్పజాలదు. ఇనుము, రాగివంటి లోహములయెడ ఇది తరచు తడబడును.

ఇంతకును ఇది ఊహయేనా, చూచినవారున్నారా యని పిల్ల యడిగినచో కాథ్లీన్ లాన్స్‌డేల్ సంగతి చెప్పవలెను. బెంజీను ఉంగరము చదునైనదా, మడతపడినదా యని పండితులు తగవులాడుచుండగా, ఆమె ఇంగ్లండునందలి లీడ్సులో ఎక్స్‌కిరణములతో ఒక స్ఫటికమును పరీక్షించి, అది చదునైనదేయని 1929లో నిరూపించెను. వివాహమైన పిదప శాస్త్రము విడిచి ఇల్లు చూచుకొందునని ఆమె యనుకొనగా, జీతములేని ఇంటిపనిమనిషికొరకు తాను పెండ్లాడలేదని భర్త చెప్పెనట. పిల్లలు చిన్నవారుగా నున్న దినములలో ఆమె ఇంటియొద్దనే ఆ పెద్ద లెక్కలను చేతితో కట్టెను. 1945లో రాయల్ సొసైటీ మొట్టమొదట సభ్యత్వమిచ్చిన ఇద్దరు స్త్రీలలో ఆమె యొకతె.

సోదరీ, రేపు సాయంకాలము దుంపయు పుల్లలును పట్టుకొని అమ్మాయి ప్రక్కన కూర్చుండుము. నీకు తెలియదని దాచుకొనకుము. నీకు బోధపరచుచు తానే నేర్చుకొనును. లెక్క కుదిరిన పిదప ఈ ప్రశ్న యిమ్ము. బోరాన్ ట్రైఫ్లోరైడు, నైట్రోజన్ ట్రైఫ్లోరైడు అను రెండు వాయువులు కలవు. రెండింటిలోను నడుమ నొకటి, చుట్టును మూడు ఫ్లోరినులు. ఒకదానికి ధ్రువత్వము కలదు, రెండవదానికి లేదు. బోరానునకు బయటివరుసలో ఎలక్ట్రానులు 3, నత్రజనికి 5. పట్టిక చూడక, దేనికి కలదో, ఎందుకో వ్రాసి పంపుమనుము. మా జవాబు వచ్చు సంచికలో ప్రకటించెదము.